శనివారం పాటల పట్టిక వేసే ముందు

ఆదివారం ఆరాధనకు సిద్ధపడటమంటే మన కడప, కర్నూలు, అనంతపురం సంఘాల్లో చాలాచోట్ల ఐదు పాటలు ఏరుకోవడమే. ఎత్తుపాట, వాక్యానికి ముందు ఒకటి, కానుకలకు ఒకటి, ప్రభువు బల్ల (ప్రభు రాత్రి భోజనం) దగ్గర రెండు. నంబర్లు బోర్డు మీద రాసేస్తే పని అయిపోయిందనుకుంటారు. ఇంటి కూటాలకు ఇది చాలు. అచ్చు వేసిన ఆరాధన క్రమం పుస్తకం పట్టుకుని చేసే ఆరాధనకు చాలదు. అక్కడ ముందు చూసుకోవలసింది జనం చెప్పే జవాబులు. పాపాల ఒప్పుకోలు తర్వాత ఏమంటారు, బైబిలు కీర్తనకు పల్లవి ఏది, మనవులకు బదులు ఏది, 'పరిశుద్ధుడు' చదువుతారా పాడతారా, ఆమెన్ ఏ స్వరం మీద పడుతుంది. ఇవి కుదిరాక మిగిలిన ఖాళీల్లో పాటలు కూర్చుంటాయి. ఈ వరస తిరగబడితే కొయిర్ బాగా పాడుతుంది, జనం బాగా వింటారు, ఆరాధన కాస్తా కచేరీ అవుతుంది.

మన జిల్లాల్లో దీనికి తోడు ఊరికో అలవాటు. కడప, జమ్మలమడుగు, గుత్తి చుట్టుపక్కల లండన్ మిషన్ సంఘాలు. అక్కడ సొంత మాటల ప్రార్థనకే పెద్దపీట. నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు వైపు ఎస్.పి.జి. ఆంగ్లికన్ మిషన్, అక్కడి పెద్దవాళ్లకు ప్రార్థన పుస్తకం నోటికొచ్చు. కర్నూలు టౌన్‌లో బాప్తిస్టు సంఘాలు, అన్ని చోట్లా కథోలిక విచారణలు (ఫాదర్ల కింద ఉండే సంఘాలు). 1947 సెప్టెంబరు 27న పలు ప్రొటెస్టంట్ మిషన్ల సంఘాలు కలిసి సి.ఎస్.ఐ. (దక్షిణ భారత సంఘం) ఏర్పడినా నంద్యాల ఆంగ్లికన్లు ఆ ఐక్యతలోకి తర్వాతెప్పుడో గానీ రాలేదు. సి.ఎస్.ఐ. ప్రభు రాత్రి భోజన క్రమం మొదట 1950లో, పూర్తి ఆరాధన పుస్తకం 1963లో వచ్చాయి. పుస్తకం ఒకటే అయినా జవాబు చెప్పే తీరు ఇప్పటికీ ఒకటి కాదు. ఒక ఊళ్లో పాడే చోట పక్క ఊళ్లో చదువుతారు. బదిలీ మీద వచ్చిన అయ్యగారు (పాస్టరు) మొదటి ఆదివారమే పాత సంఘం బాణీ ఎత్తుకుంటే జనం నోరు మెదపరు. ముందు రెండు వారాలు ఊరికే వినాలి.

పాఠాల పట్టిక

కథోలికులకు ఆదివారపు పాఠాలు మూడేళ్ల చక్రం: 'ఏ' సంవత్సరం మత్తయి, 'బి' మార్కు, 'సి' లూకా. ఏది నడుస్తోందో తెలుసుకోవడానికి చిన్న లెక్క: మూడుతో నిశ్శేషంగా భాగించబడే సంవత్సరం 'సి'. 2025 అలా 'సి' అయింది, 2026 'ఏ', 2027 'బి'. అయితే చర్చి ఏడాది జనవరిలో మొదలవదు, క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఆగమన కాలంతో మొదలవుతుంది. అంటే 2026 నవంబరు 29 నుంచే 'బి' పాఠాలు తియ్యాలి. డిసెంబరులో తప్పు పాఠం చదవడానికి కారణం ఎక్కువసార్లు ఇదే. సి.ఎస్.ఐ. వాళ్లకు ఏటేటా వచ్చే ఆల్మనాక్‌లో వారం వారం అంశం, పాఠాలు ఉంటాయి. పాట ఎంచేవాళ్లు అంశం శీర్షిక ఒక్కటే చూసి వదిలెయ్యకుండా పాఠాలు కూడా చదవాలి.

బైబిలు కీర్తనల అంకెల దగ్గర రెండు గోతులున్నాయి. పాత కథోలిక పుస్తకాల్లో గ్రీకు లెక్క, కాబట్టి 10 నుంచి 147 దాకా చాలావరకు ఒక అంకె తక్కువ ఉంటుంది. మనం 23 అనే కాపరి కీర్తన అక్కడ 22. రెండోది వచనాల సంఖ్య. కథోలిక పాఠాల పట్టిక కీర్తన శీర్షికను కూడా వచనంగా, 51లోలా పొడుగ్గా ఉంటే రెండు వచనాలుగా లెక్కపెడుతుంది. విభూది (భస్మ) బుధవారానికి 51వ కీర్తనలో 3-4, 5-6, 12-13 అని ఉంటే, బైబిల్ సొసైటీ పాత అనువాదంలో అవి 1-2, 3-4, 10-11. చూసుకోకుండా చదివితే 'కరుణింపుము' అనే మొదటి మాటే ఎగిరిపోయి, కీర్తన మధ్యలోంచి మొదలవుతుంది.

కాలాల నియమాలు కూడా పట్టికలోనే రాసి పెట్టుకోవాలి. కథోలిక పూజలో తపస్కాలం (శ్రమకాలం) ఆదివారాల్లో మహిమ గీతం లేదు, అల్లెలూయ లేదు. ఆగమన కాలంలో మహిమ గీతం మాత్రమే లేదు, అల్లెలూయ ఉంటుంది. రెండూ ఊదా రంగు కాలాలే కదా అని ఆగమనంలోనూ అల్లెలూయ మానేసే కొయిర్లు చాలా ఉన్నాయి. ఇంకొకటి: మహిమ గీతం బదులు 'మహిమ' అనే మాట ఉన్న ఏదో ఒక పాట పాడెయ్యడం. పూజ నియమావళి ప్రకారం ఆ గీతం మాటల స్థానంలో వేరేది పెట్టకూడదు. కొత్త బాణీ కట్టుకోవచ్చు, మాటలు మార్చకూడదు.

కీర్తనను పాడించడం

జనంతో కీర్తన పాడించడానికి కచేరీ విద్య అక్కర్లేదు. మోహన రాగంలో మూడు నాలుగు స్వరాలు చాలు. వచనాన్ని రెండు సగాలు చెయ్యండి. మొదటి సగమంతా గాంధారం మీద చదువులా పాడి, చివరి మాట మొదటి అక్షరానికి పంచమం తాకి మళ్లీ గాంధారానికి రండి. రెండో సగం కూడా గాంధారం మీదే నడిపి, చివర రిషభం, షడ్జమం మీదుగా దిగండి. 'యెహోవా నా కాపరి' అన్నప్పుడు 'కా' పంచమం, 'పరి' గాంధారం. 'నాకు లేమి కలుగదు' అన్నప్పుడు 'కలు' రిషభం, 'గదు' షడ్జమం. అంతే.

తప్పెక్కడ జరుగుతుందంటే, తెలుగు వాక్యం చివర క్రియ పొడవుగా వస్తుంది. 'స్తుతించుచున్నాను' లాంటి మాటలో ఆరక్షరాలున్నాయి. ఆ ఆరింటినీ ముగింపు స్వరాల మీద పంచబోతే సాగిపోతుంది. మొదటి నాలుగూ చదువు స్వరం మీదే ఉంచి, చివరి రెండింటికే దిగుడు ఇవ్వాలి. హ్రస్వాన్ని సాగదీయకూడదు, దీర్ఘాన్ని మింగకూడదు. 'ప్రభు'ను 'ప్రభూ' చేసేస్తే సంబోధన కాని చోట సంబోధన అవుతుంది.

మొదటిసారి నేర్పేవాళ్లు 136వ కీర్తన తీసుకోండి. 26 వచనాలకూ 'ఆయన కృప నిరంతరముండును' అనే ఒకే జవాబు. కాగితం లేకుండా జనం అందుకుంటారు, చదువు రాని అవ్వలు కూడా.

రాగం, తాళం, శ్రుతి

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ప్రతి పాట నెత్తిన రాగం, తాళం ఉంటాయి. కొయిర్ పిల్లలు దాన్ని దాటేసి నేరుగా పల్లవికి పోతారు. ఊళ్లో పాడే బాణీ ఆ రాగంలో లేకపోవచ్చు, ఫరవాలేదు. కానీ తాళం తెలియకపోతే కీబోర్డు దగ్గర ఇబ్బంది ఖాయం.

చాలా కీబోర్డుల్లో సిద్ధంగా ఉండే రిథమ్‌లు నాలుగు, మూడు, ఆరు దెబ్బలవి. ఆది తాళం నాలుగులో ఇమిడిపోతుంది. రూపకం ఆరులోనో మూడులోనో సర్దుకుంటుంది. మిశ్ర చాపు ఏడు: తకిట తకధిమి. దానికి నాలుగు దెబ్బల రిథమ్ వేస్తే, ఏడుని ఎనిమిది చెయ్యడానికి 'తకిట' చివర ఒక దెబ్బ సాగదియ్యాలి. పెద్దవాళ్లు పాత అలవాటులో ఏడుకే పాడతారు, కీబోర్డు ఎనిమిదికి పోతుంది, రెండో చరణం వచ్చేసరికి ఎవరి దారి వారిది. చాపు పాట వస్తే రిథమ్ బటన్ ఆపేసి డోలక్‌కో కంజరకో వదిలెయ్యండి. అవి లేకపోతే చప్పట్లు: ఒకటి, నాలుగు, ఆరు మీద.

ఎత్తుగడ, అంటే పాట అందుకునే చోటు, ఇంకో తగాదా. చాలా కీర్తనలు సమం (తాళం మొదటి దెబ్బ) మీద ఎత్తుకోవు, అర దెబ్బో ఒక దెబ్బో దాటి ఎత్తుకుంటాయి. కీబోర్డు వాయించే అబ్బాయి పల్లవి ముందు వాయింపు సమం మీద ముగించి ఆగితే జనం అక్కడే మొదలుపెడతారు, పాట మొత్తం ఒక దెబ్బ పక్కకు జరుగుతుంది. ముందు వాయింపులో పల్లవి చివరి వరస వాయించి, ఎత్తుగడ ఖాళీ కూడా వినిపించాలి.

రాగాల్లో బిలహరి గురించి ఒక మాట. ఎక్కేటప్పుడు మోహనలా స రి గ ప ద స, దిగేటప్పుడు శంకరాభరణంలా అన్ని స్వరాలూ. కొత్తవాళ్లు ఎక్కేటప్పుడే మధ్యమం, నిషాదం కలిపేస్తారు, పాట మామూలు సినిమా బాణీ అయిపోతుంది. ముఖారి, ఆనందభైరవి పాటలకు కార్డ్స్ వెయ్యబోతే పాట చెడుతుంది. షడ్జమ పంచమాలు పట్టి ఉంచి, బాణీని హార్మోనియం మీద నడిపితే చాలు.

ఇక శ్రుతి. మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు కలిసి పాడటానికి హాయిగా ఉండే మేర: కింద ఆరు మెట్టు నుంచి పైన రెండు మెట్టు దాకా, అంటే దిగువ 'ఏ' నుంచి ఎగువ 'డి' వరకు, మగవాళ్లకు అదే ఒక స్థాయి కింద. పాట మంద్ర పంచమం నుంచి తార షడ్జమం దాకా తిరిగితే రెండు శ్రుతి అచ్చంగా సరిపోతుంది. తార రిషభం దాకా పోతే ఒకటికి దించాలి. ఎత్తిచ్చే అమ్మాయి గొంతు ఐదు శ్రుతిలో గణగణలాడుతుంది గనక ఐదులో ఎత్తుకుంటే, చరణం దగ్గర మగవాళ్లంతా ఊరుకుంటారు. జనం పాడటం లేదని అయ్యగారు ప్రసంగంలో మందలిస్తారు గానీ, తప్పు శ్రుతిది.

కీబోర్డులో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్‌తో వచ్చే చిక్కు అందరికీ తెలిసిందే. రెండు శ్రుతి పాటకు ప్లస్ రెండు పెట్టి 'సి' మెట్లలో వాయిస్తారు, తర్వాతి పాటకు సున్నాకు తేవడం మరిచిపోతారు. హార్మోనియం కూడా ఉంటే ఇంకా గందరగోళం. హార్మోనియం ఆయన "శ్రుతి ఎంత నాయనా?" అంటే కీబోర్డు ఆయన "సి అన్నా" అంటాడు, వినిపించేది 'డి'. పాట కాగానే సున్నా చెయ్యడం చేతికి అలవాటు కావాలి. పాత హార్మోనియంలు కొన్ని కీబోర్డుల మామూలు శ్రుతి 440 హెర్ట్జ్ కంటే కాస్త పైనే ఉంటాయి. రీడ్లు అప్పటికప్పుడు గీకలేం, కాబట్టి కీబోర్డులో మాస్టర్ ట్యూనింగ్ పెంచి దాన్నే హార్మోనియానికి కలపాలి.

చెక్కభజన మన సీమ సొత్తు. దాన్ని ఎక్కడ పెట్టాలో మాత్రం తెలియాలి. మట్టల ఆదివారం ఊరేగింపుకు, కోత పండుగ కానుకలకు, పండుగ రోజు ప్రవేశానికి దాన్ని మించింది లేదు. ఒప్పుకోలుకు, 'లోక పాపములను' అనే గొర్రెపిల్ల పాటకు పనికిరాదు.

ప్రతి సంఘానికీ ఒక రిజిస్టరు కావాలి. పాట నంబరు, తాళం, వాడుక బాణీ ఎవరి దగ్గర ఉంది, శ్రుతి, ఎత్తుగడ, ఏ చరణాలు, ఆరాధనలో ఏ చోటికి, చివరిసారి పాడిన తేదీ. ఉదాహరణకు ఒక వరస ఇలా ఉంటుంది: 'శ్రుతి 2, మంద్ర ప నుంచి తార స, ఆది, ఎత్తుగడ అర దెబ్బ దాటి, చరణాలు 1, 2, 5, బల్ల దగ్గర.' కొయిర్ మారినా పుస్తకం మిగులుతుంది.

కొత్త పాట నెలకు ఒకటి చాలు. మొదటి వారం కానుకలప్పుడు కొయిర్ ఒక్కటే పాడాలి, రెండో వారం ఆరాధనకు ముందు పల్లవి నేర్పాలి, మూడో వారం అందరూ, నాలుగో వారం మళ్లీ. శ్రమకాలపు కొత్త పాటలు జనవరిలోనే మొదలుపెట్టండి. 2027లో భస్మ బుధవారం ఫిబ్రవరి 10, ఈస్టర్ మార్చి 28. ఆ మధ్యలోనే పదో తరగతి పరీక్షలు, కొయిర్‌లో సగంమంది రారు.

మనవులు

మనవి ప్రార్థన కూలిపోయేది రెండు చోట్ల. ఒకటి, నడిపించేవాళ్లు ప్రతి మనవినీ చిన్న ప్రసంగం చెయ్యడం. రెండు, జనానికి సైగ మాట మారిపోవడం. 'ప్రభువా, నీ కృపలో' అని నాయకుడు ఆపితే 'మా మనవి ఆలకించుము' అని జనం అనాలని కుదుర్చుకున్నాక, మూడో మనవికి 'యేసు నామమున' అని ముగిస్తే కొందరు ఆమెన్ అంటారు, కొందరు పాత జవాబు చెబుతారు, మిగతావాళ్లు పక్కవాళ్ల మొహం చూస్తారు. జవాబు పది పన్నెండు అక్షరాలు దాటకూడదు, సైగ మాట ఒక్క అక్షరం కూడా మారకూడదు.

ఐదు మనవులు, ఒక్కొక్కటి రెండు వాక్యాలు, తర్వాత పది సెకన్ల మౌనం, సైగ. మాటలు ఊరివి కావాలి. 'దేశంలోని సకల రైతుల కొరకు' అనేకంటే 'వేరుశనగ విత్తి వాన కోసం చూస్తున్నవాళ్ల కొరకు' అనండి. 'వలస వెళ్లినవారు' అనేకంటే బెంగళూరు కూలిపనికి పోయినవాళ్లు, కువైట్‌లో ఉన్న మన ఆడబిడ్డలు అనండి. పేర్లు చదవాలంటే వాళ్లను ముందే అడగండి, జబ్బు వివరాలు మైకులో వద్దు.

జనవరి 18 నుంచి 25 వరకు వచ్చే క్రైస్తవ ఐక్యత ప్రార్థన వారంలో కథోలికులు, సి.ఎస్.ఐ. వాళ్లు కలిసి కూర్చుంటే ప్రభువు నేర్పిన ప్రార్థన దగ్గర తడబాటు తప్పదు. ఒకరు దేవుణ్ణి 'మీరు' అంటారు, ఒకరు 'నీవు' అంటారు. అదీగాక పూజలో కీడు నుండి రక్షించమనే మాట దగ్గర జనం ఆగుతారు, ఫాదర్ ఒక ప్రార్థన చెప్పాకే 'రాజ్యము, శక్తి, మహిమ' వస్తుంది. సి.ఎస్.ఐ. వాళ్లు ఆగకుండా చెప్పేస్తారు. ఒకే పాఠం అచ్చు వేసి, ఆగకుండా చెప్పాలని ముందే ప్రకటిస్తే సరిపోతుంది.

కాగితం, తెర

ప్రెస్‌లో డీటీపీ చేసేవాళ్లు చాలామంది ఇంకా అను ఫాంట్లే వాడతారు. ఆ ఫైలులోంచి పాట కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గుర్తులు వస్తాయి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక వత్తులు, ముఖ్యంగా ర వత్తు, ఒక్కొక్కటీ చదివి సరిచూడాలి. టైపు చేసేవాళ్లు సున్న బదులు అంకె 0 కొట్టడం ఇంకో జబ్బు. చూడటానికి తేడా తెలియదు, వెతికితే మాత్రం పాట దొరకదు.

తెర మీద చూపించడానికి ఓపెన్‌ఎల్‌పి ఉచితం, యూనికోడ్ తెలుగు పడుతుంది. పల్లవిని కోరస్‌గా, చరణాలను వర్స్‌లుగా పెట్టి, వరసలో ప్రతి చరణం తర్వాత కోరస్ వచ్చేలా రాయాలి. పుస్తకంలో చరణం చివర నిలువు గీతల మధ్య పల్లవి మొదటి మాట ఒక్కటే వేస్తారు. ఈ కాలం పిల్లలకు ఆ గుర్తు తెలియదు, కాబట్టి తెర మీద పల్లవి మొత్తం చూపించండి. స్లైడుకు నాలుగు పంక్తులు మించకూడదు. పంక్తిని ఊపిరి తీసుకునే చోట విరవాలి, తెర వెడల్పు అయిపోయిన చోట కాదు. తెలుగుకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి గనక పంక్తుల మధ్య ఎడం ఇంగ్లీషుకు ఇచ్చేదానికంటే ఎక్కువ ఇవ్వాలి, లేకపోతే పై వరస వత్తు కింది వరస గుడిలో ఇరుక్కుంటుంది. ఇంట్లో చేసిన పవర్‌పాయింట్ చర్చి లాప్‌టాప్‌లో తెరిస్తే ఫాంట్ లేక అక్షరాలు చెదిరిపోతాయి. పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్ కూడా వేసుకుని వెళ్లండి.

అచ్చు కాగితానికైతే ఏ4 మడిచి నాలుగు పేజీలు, 14 పాయింట్ అక్షరం. జనం చెప్పేది బొద్దుగా, నాయకుడు చెప్పేది మామూలుగా. నిలబడటం, కూర్చోవడం, మోకరించడం పక్కన రాస్తే కొత్తవాళ్లు తత్తరపడరు. పేజీ తిప్పడం జవాబు మధ్యలో రాకూడదు.

హక్కుల విషయం క్లుప్తంగా. మన చట్టంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. 1890లో కన్నుమూసిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మతపరమైన ఆరాధనలో పాడుకోవడాన్ని మినహాయించింది. అది పాడటానికే. పాటల పుస్తకం అచ్చు వెయ్యడానికి, యూట్యూబ్‌లో పెట్టడానికి వర్తిస్తుందనుకోవద్దు. బతికున్న రచయితల పాటలకు ఒక ఉత్తరం రాసి అనుమతి తీసుకుంటే గొడవ లేదు.

బల్ల, శుభ శుక్రవారం

"రేపు బల్ల ఉందా అయ్యగారూ?" అని శనివారమే అడిగి, ఎంతమంది వస్తారో అంచనా వెయ్యండి. వరసకు 12 మంది, వరసకు రెండు నిమిషాలు అనుకుంటే 120 మందికి 20 నిమిషాలు పైనే. ఐదు చరణాల పాట నిదానంగా నాలుగు నిమిషాలు. అంటే ఐదు పాటలు, ఇంకో రెండు చేతిలో ఉంచుకోవాలి. చివరి వరస లేవగానే సంఘ పెద్ద ఒకరు సైగ చెయ్యాలి, నడుస్తున్న చరణం పూర్తయ్యాక ఆపాలి. పాటలు చాలక మధ్యలో ఏదో ఒకటి వెతుక్కునే అవస్థ అప్పుడు ఉండదు.

శుభ శుక్రవారం పన్నెండు నుంచి మూడు దాకా ఏడు మాటల ఆరాధన. 180 నిమిషాలు. మాటకు ప్రసంగం 12, పాట 5, ప్రార్థన, మౌనం 5, మొత్తం 22. ఏడు మాటలకు 154, ఆరంభానికి ముగింపుకు 26 మిగులుతాయి. ప్రసంగీకులు ఒక్కొక్కరూ ఎనిమిది నిమిషాలు ఎక్కువ తీసుకుంటే దాదాపు గంట దాటిపోతుంది, ఆరో మాటకు వచ్చేసరికి జనం ఎండకు సొమ్మసిల్లుతారు. ఎవరికి ఎన్ని నిమిషాలో ముందే కాగితం మీద రాసి ఇవ్వండి. పాటలన్నీ మామూలు శ్రుతికి అర మెట్టు దించండి, గొంతులు మూడు గంటలు నిలబడాలి.

మన వేడికి తోలు వాద్యాలు బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది. పొద్దున కలిపిన తబలా మధ్యాహ్నానికి కలవదు. కిటికీ ఎండ పడే చోట, రేకుల కింద పెట్టకండి. రెండో మాట తర్వాత ఒకసారి, ఐదో మాట తర్వాత ఒకసారి మళ్లీ కలుపుకోండి. కథోలిక చర్చిల్లో పెద్ద గురువారం మహిమ గీతం తర్వాత ఈస్టర్ జాగరణ మహిమ గీతం దాకా గంట మోగదు, వాద్యాలు పాటకు ఊతంగా మాత్రమే. ముందు వాయింపులు, మధ్య వాయింపులు ఆ మూడు రోజులకు తీసెయ్యాలి, కాబట్టి ఎత్తిచ్చేవాళ్లు శ్రుతి ఒక్క మెట్టు విని పాట అందుకోవడం బుధవారమే సాధన చేసి పెట్టుకోవాలి.